గంటకి మూడు డిగ్రీలు

వాసన ముందు పట్టింది నేను కాదు,
మల్లేశ్వరంలో మా ఇంటావిడ వేదవల్లి.
"ఈ మెట్లెక్కిన వెల్లుల్లి ఎవరిదమ్మా?" అంది
ముగ్గుగిన్నె కింద పెట్టకుండానే.

నా గదిలో పొయ్యి లేదు.
సగం బ్రెడ్డు, ఎండని తువ్వాలు,
బిస్మత్ మీద పూర్తికాని థీసిస్.
ఎలా చెప్పను ఆవిడకి,
అది టెల్లూరియం అని?
చేతి తొడుగు బొటనవేలి దగ్గర
సూదిమొనంత చిరిగితే చాలు,
ఒంట్లోకి దిగి ఊపిరిలో కలిసి
నేను తినని కూర గురించి
వారాల తరబడి నా నోటితోనే చాడీలు చెబుతుందని?

యశ్వంతపురం బస్సులో
నా పక్క సీటు ఖాళీగా ప్రయాణించింది, పద్నాలుగు రోజులు.

డిపార్ట్‌మెంటు కింది గదిలో
ఎవరూ లాగని చెక్క సొరుగులో
దూది మీద ఒక రాయి ఉంది.
అలసందగింజంత. పాత పట్టీ రంగు.
చీటీ మీద సిరా వెలిసి
"టెట్రాడి" దాకా మిగిలింది.
మిగతాది నాకు తెలుసు:
ఒకే కాన్పులో నలుగురు,
ఒకరి భుజంలోంచి ఒకరు మొలిచిన కవలలు.
భూమి దాన్ని ఎన్నేళ్ళు చల్లార్చిందో!
నాకు ఫెలోషిప్ పదకొండు నెలలుంది.

బిస్మత్ రెండు పాళ్ళు, టెల్లూరియం రెండు, గంధకం ఒకటి.
గాలి తోడేసిన క్వార్ట్జ్ గొట్టాన్ని
మంటలో తిప్పుతూ మెడ నులిమి మూస్తాడు చౌడప్ప.
ముళబాగిలు వైపు మనిషి,
కనుబొమలు ఎప్పుడో కాలిపోయాయి, మళ్ళీ రాలేదు.

మొదటి గొట్టం అర్ధరాత్రి పేలింది.
గంధకానికి తొందర.
పక్కవాళ్ళు కరగకముందే ఆవిరై
గోడల్ని గుద్దుతుంది.
ట్రాన్స్‌ఫార్మర్ అనుకుని వాచ్‌మన్ టార్చితో పరిగెత్తొచ్చాడు.
నేను గాజుముక్కల మధ్య ఉత్తరం రాసుకుంటున్నాను,
గడువు పెంచమని.

"కాల్చేది ఎవురైనా కాలుస్తారు మ్మా,"
అన్నాడు చౌడప్ప పొద్దున్నే చీపురు పట్టుకుని,
"ఆర్చేదానికే ఓపిక కావల్ల."

రెండో గొట్టం.
గంటకి మూడు డిగ్రీలు.
బయట వానకి రెండుసార్లు కరెంటు పోయింది,
బ్యాటరీ కీచుమంది, నేను కూడా.

తొమ్మిదో రోజు పగలగొట్టి చూస్తే
లోపల అద్దం.
టేపు అంటించి లాగితే
చప్పుడు లేకుండా ఊడొచ్చింది ఒక రేకు.
టెల్లూరియం, బిస్మత్, గంధకం, బిస్మత్, టెల్లూరియం,
ఐదుగురూ చేతులు గట్టిగా పట్టుకున్నారు.
ఆరో వరస మాత్రం
పక్క ఫ్లాటు వాళ్ళు.
లిఫ్టులో తల ఊపుతారు, అంతే.

మాస్టారు కోరేదేమిటంటే
లోపలంతా కరెంటుకి మూసిన తలుపు కావాలి,
నడక అంతా పై చర్మం మీదే.
ఎక్కడ కోస్తే అక్కడ
కోసిన అంచే కొత్త దారి అవుతుంది.
ఇది రాసుకుని ఆ పూట చాలాసేపు
కింద గీత గీస్తూ కూర్చున్నాను.
మా ముక్కలో లోపల కూడా కొంచెం కారింది.
మళ్ళీ మొదటికి.

సెలీనియంతో చేద్దాం ఈసారి, దీని చెల్లెలు, నెమ్మదస్తురాలు.
మూడో గొట్టం మూయడానికి
చౌడప్ప నా పక్కకి వంగాడు.
ఊపిరి బిగబట్టాను సిగ్గుతో.
ఎంతసేపు బిగబడతాం?

అతను మంట తగ్గించాడు.
"మా మేస్త్రీ నోట్లో ఇదే వాసన," అన్నాడు.
"ఇరవై ఏండ్లు నాకు గాజు నేర్పినాడు.
వాళ్ళింట్లో ఆయనకి వేరే చాప.
పోయి పదకొండేండ్లు.
ఇంగోసారి ఏమైనా మాట్లాడు మ్మా."

ఏం మాట్లాడాలో తోచలేదు.
లాగ్‌బుక్ తెరిచి చదివాను:
తెల్లారి మూడు, ఆరువందల పదిహేను.
నాలుగు, ఆరువందల పన్నెండు.
ఐదు, ఆరువందల తొమ్మిది.
అతను కళ్ళు మూసుకుని వింటున్నాడు.

ఆ రాత్రి నా తలుపు గొళ్ళేనికి
కాగితంలో చుట్టిన నాలుగు ఏలకులు.
వేదవల్లి చేతిరాత:
"పడుకునే ముందు."
నమలలేదు ఇంకా.